అంగుళానికి ఏడాది

అటక మీద మిగిలింది ఒక్కటే దుంగ. నాన్న కింద నిలబడి నిచ్చెన పట్టుకుని, "ఆ నీలం కొసలది దించు" అన్నాడు, అక్కడింకా పది దుంగలుంటే వాటిలో ఒకదాన్ని ఎంచి చెబుతున్నట్టు.

బొంగరం వెంటనే దించలేదు. పైరేకులకు తల తగలకుండా వంగి కూర్చుని, దుంగ కొసన పూసిన నీలం రంగు మీద దుమ్మును వేలితో తుడిచింది. రంగు పక్కన పెన్సిల్‌తో రాసిన తేదీ ఉండాలి. రోజూ నెలా చెరిగిపోయి ఏడాది మాత్రం మిగిలింది. నాలుగేళ్ల కిందటి ఏడాది. పన్నెండేళ్ల పిల్ల రాసిన అంకెలు కాబట్టి చివరిది పక్కకి ఒరిగిపోయి ఉంది.

ఆ పిల్లకి బడిలో వేరే పేరు ఉండేది. కానీ తొమ్మిదేళ్లప్పుడు, కొయ్యను గిర్రున తిప్పే తరిమెన మీద తొలిసారి ఉలి పట్టి చేసిన బొంగరం, తలకిందులుగా తప్ప తిరగనని మొండికేయడంతో ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు పదహారు. మాట్లాడేది తక్కువ. ఏదైనా చెప్పవలసి వస్తే లోపల రెండుసార్లు చెప్పుకుని, మూడోసారికి వద్దులే అనుకునే రకం.

కింద రొట్టెల దుకాణం ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి మోకాళ్లు అరిగిపోయాయట. మంచం మీద నుంచి లేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే, ఆవిడకి ఆవిడ మోకాళ్లున్నాయి. అందుకని మామూలు కంటే జానెడు ఎత్తు మంచం చేసి పెట్టమన్నాడు. మంచం ఎత్తు పెరిగితే దాని కాళ్లు, కోళ్లు, లావుగా ఉండాలి. లావు కోళ్లకి నాలుగంగుళాల కొయ్య కావాలి. నాలుగంగుళాల కొయ్య లోపలి దాకా ఆరాలంటే నాలుగేళ్లు పడుతుంది. అంగుళానికి ఏడాది. తాత నాటి నుంచీ ఈ లెక్కను ఆ కొట్లో ఎవరూ మార్చలేదు. తొందరపడి పచ్చి కొయ్యతో చేస్తే ఏ ఎండాకాలమో కోడు బీటలిచ్చి, పట్టెను పట్టి ఉంచే కుసి వదులై, పడుకున్నవాడు పట్టెతో సహా నేల మీదుంటాడు.

ఆమె తాడు కట్టి దుంగను కిందికి జార్చింది. నాన్న భుజంతో అందుకుని నిలబెట్టాడు. చెయ్యెత్తినా పై కొస ఆయనకి అందనంత పొడవుంది. బల్ల మీద పడుకోబెట్టి, సుత్తి పిడితో నడుమ ఒకసారి, కొసల్లో ఒకసారి కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. పచ్చి కొయ్యని కొడితే దప్పుమంటుంది. లోపల బీట ఉంటే పగిలిన కుండలా పలుకుతుంది. పండిన కొయ్య ఠంగుమంటుంది. ఇది ఠంగుమంది.

"చేవ ఉంది. బాగా పండింది" అన్నాడు.

బొంగరం నిచ్చెన చివరి మెట్టు మీద ఆగి, "దాని మీద తేదీ నేను రాశాను" అంది.

"రాస్తే? రాసినవాళ్లదే అయితే ఊళ్లో గోడలన్నీ ఎన్నికలవాళ్లవే" అన్నాడు నాన్న. రొట్టెలాయన నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆ దుంగ వచ్చిన రోజు పెదనాన్న ఆమె చేతికి కుంచె ఇచ్చి, తలుపులకి వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా ముందు పెట్టాడు. కొసలు తొందరపడి ముందే ఆరిపోతే కొయ్య చీలుతుందని, ఆ తొందర తగ్గించడానికే రంగని చెప్పాడు. "నీకు పదహారొచ్చేసరికి దీనికి నాలుగొస్తాయి. అప్పుడు ఇద్దరూ కలిసి తరిమెన ఎక్కండి" అన్నాడు. తర్వాతి ఏడాది ఆయన ఈ బల్ల దగ్గరే, చేతిలో రంపం ఉండగానే ఒరిగిపోయాడు. నలభై ఏడేళ్లు. నాన్నకి ఇప్పుడు నలభై ఆరు. పెదనాన్న పోయాక ఆ కొట్లోకి పచ్చి దుంగ ఒక్కటీ రాలేదు. బొంగరం ఈ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, అటక ఎక్కిన ప్రతిసారీ లెక్కపెట్టుకునేది. ఇరవై మూడు. పదిహేను. ఆరు. ఒకటి.

"మళ్లీ దుంగలు ఎప్పుడు తెస్తాం నాన్నా?"

నాన్న చెవి మీద నుంచి పెన్సిలు తీసి కోతకి గీత గీస్తూ, చూద్దాంలే అన్నాడు. తర్వాత గీత మీద నుంచి కళ్లెత్తకుండానే, ఆమె వచ్చే నెల నుంచి టైపింగు క్లాసులో చేరాలని, అక్కడ మాట్లాడి ఉంచానని చెప్పాడు. గుమ్మం ముందు ఎండలో కూర్చుని ఒక పాత కుర్చీకి పాలిష్ పెడుతున్న అమ్మ చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

రంపం దుంగలోకి దిగింది. మొదటి కోతకే నీలం కొస పలుచటి బిళ్లలా తెగి చెక్కపొట్టులో పడింది. ఎవరూ చూడకుండా బొంగరం దాన్ని తీసి తన పనిముట్ల సంచిలో వేసుకుంది.

*

మర్నాడు మంగళవారం, మధ్యాహ్నం వేళ పెద్దమ్మ వచ్చింది. పెదనాన్న పోయాక ఆవిడ ఆరోగ్య కేంద్రంలో ఊడ్చి తుడిచే పనిలో చేరింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికొస్తూనే నాన్న ముందు ఒక అచ్చు కాగితం పరిచి, చదవమంది.

గుండెను తెర మీద చూపించే మిషను ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. శనివారం దాకా ఉంటుంది. చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్ల అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ ఊరికే చూస్తారు. గుండె కండ ఉండవలసినదాని కంటే మందంగా ఉంటే ముందుగానే తెలుస్తుంది. కాగితం అడుగున, పరీక్ష తప్పనిసరి కాదు, మీ ఇష్టం అని ఉంది. నాన్న అంతా చదివి ఆ చివరి ముక్క మీద వేలు పెట్టాడు.

"ఇష్టం అన్నారుగా. నాకిష్టం లేదు."

"నువ్వు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు మరిదీ" అంది పెద్దమ్మ. "మంచాలకి మాత్రం నాలుగు పెడతావు, అదేమిటో."

అమ్మకి నవ్వాగలేదు. నాన్న కూడా నవ్వాడు గానీ కాగితం చేతిలోకి తీసుకోలేదు. పెద్దమ్మ అంతటితో వదిలే మనిషి కాదు. కొయ్యనైతే మూడు చోట్ల కొట్టి వినందే రంపం పెట్టవు, నీ ఒంటి మీద మాత్రం ఎవరూ చెవి పెట్టకూడదా అని అడిగింది. నాన్న సానరాయి మీద నీళ్లు చిలకరించి ఉలి నూరుకుంటూ కూర్చున్నాడు. ఉలి అంచు మీద వెలుగు సన్నటి దారంలా తేలాక బొటనవేలితో తడిమి చూశాడు.

"చూసి ఏం చేస్తారు వదినా? ఉలి కింద పెట్టమంటారు. బరువులెత్తొద్దంటారు. తెలియకపోతే పని చేసుకుంటూ పోతాం. అన్నయ్యకి ముందే తెలిసుంటే ఆ దిగులుతో ఏడాది ముందే పోయేవాడు."

"పోతే పోయేవాడు" అంది పెద్దమ్మ. "నాకు చెప్పి పోయేవాడు."

సానరాయి మీద ఉలి ఆగింది.

"ఆ రోజు కూరలో ఉప్పెక్కువైందని నాతో మాట్లాడకుండా పనికొచ్చాడు. సాయంత్రం వచ్చాక మాట్లాడుకోవచ్చులే అనుకున్నాను. మూడేళ్లయింది. ఇంకా ఆ సాయంత్రం రాలేదు నాకు."

ఆవిడ గొంతు పెంచలేదు, కళ్లు తుడుచుకోలేదు. కాగితం ఎగిరిపోకుండా దాని మీద జిగురు డబ్బా పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి కాగితానికి కాళ్లొచ్చాయి. నాన్న చొక్కా వేసుకోబోతే జేబులో ఉంది. మేకుల డబ్బా తెరిస్తే మేకుల మీద ఉంది. పొద్దున్నే చిత్రిక పట్టబోతే చిత్రిక నోట్లో మడతపెట్టి ఉంది. నాన్న ప్రతిసారీ దాన్ని తీసి, సాపు చేసి, మళ్లీ జిగురు డబ్బా కింద పెట్టాడు. ఎవరు పెడుతున్నారని అడగలేదు. బొంగరం తలెత్తి చూడలేదు. అమ్మ మాత్రం, ఈ ఇంట్లో ఎలుకలు బొత్తిగా చదువుకున్నవిలా ఉన్నాయంది.

బొంగరం కోరుకున్నది పెద్దదేమీ కాదు. నాన్న వెళ్లాలి, ఏమీ లేదని చెప్పించుకోవాలి, ఆ తర్వాత ఒక పొద్దున బండి మీద దుంగలు రావాలి. పచ్చి దుంగలు వచ్చిన రోజు కొట్టంతా వాన వెలిసిన అడవిలా వాసన వేసేది. ఆ వాసన అన్నంలోకి, జుట్టులోకి, కప్పుకున్న దుప్పటిలోకి కూడా వచ్చేది. పడుకుని కళ్లు మూసుకుని దాన్ని తెచ్చుకోవాలని చూస్తే ఈమధ్య వార్నీషు వాసన తప్ప ఏదీ రావడం లేదు.

*

బుధవారం మధ్యాహ్నం గరుకు కాగితం కొనుక్కురమ్మని అమ్మ పంపితే, బొంగరం దుకాణం దాటి నేరుగా ఆరోగ్య కేంద్రానికి నడిచింది. పేరు రాయించేసి వస్తే, పిలిచినప్పుడు వెళ్లకపోతే బాగుండదని అయినా నాన్న కదులుతాడనుకుంది. చెప్పవలసిన మాటలు దారంతా లోపల అప్పజెప్పుకుంది.

వరండాలో పెద్దమ్మ తడి గుడ్డ కట్టిన కర్రతో నేల తుడుస్తోంది. ఆమెను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. నేల ఆరలేదు, గోడ వారగా నడవమని చెప్పి, చేతిలోని కర్రతో ఒక గది వైపు చూపించింది.

గదిలో నర్సు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పుస్తకంలో వివరాలు రాసుకుంది. నాన్న పేరు, వయసు, చేసే పని. పోయినాయన ఏమవుతాడు. ఎన్నో ఏట పోయాడు. ఆ తర్వాత నర్సు తలెత్తి ఆమె వయసు అడిగింది. పదహారు. పేరు అడిగింది. ఎందుకో అర్థం కాకపోయినా బొంగరం చెప్పింది. బడి అయిపోయాక తన అసలు పేరు తన నోట రావడం అదే మొదలు. ఇంకెవరి పేరో చెప్పినట్టు అనిపించింది.

నర్సు ఒక చీటీ మీద ఇద్దరి పేర్లూ రాసి, దాని వెనక పక్కపక్కన రెండు సున్నాలు చుట్టి, ఒకదాని కింద గీత గీసి ఇంకో సున్నా చుట్టింది. పైవి అన్నదమ్ములు. కిందిది నువ్వు అంది. ఇది నెత్తురు వెంట దిగే జబ్బు కాబట్టి పై మెట్టు చూసి కింది మెట్టు సంగతి చెబుతారట.

"మీ నాన్నకి లేదని తేలితే ఇక నీకు చూడక్కర్లేదు. ఉంటే మాత్రం నువ్వూ చూపించుకోవాలి. నీకు ఉండొచ్చు, లేకపోవచ్చు. అందుకే ఆయన పేరు పెన్నుతో రాశాను, నీది పెన్సిల్‌తో. ఆయనకి లేదంటే చెరిపేస్తాను."

ఆ తర్వాత నర్సు ఇంకా చాలా చెప్పింది. ఉన్నా మందులున్నాయంది, చాలామంది వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటూనే ఉన్నారంది, ఎవరూ బలవంతం చెయ్యరంది. అన్నీ చెవిన పడ్డాయి గానీ ఒక్కటీ లోపలికి దిగలేదు. బొంగరం కళ్లు తన చేతికిచ్చిన చీటీలో కింది వరుస మీదే ఉన్నాయి. పెన్సిల్ రాత ఎంత లేతగా ఉందంటే, ఊదితే పోయేలా ఉంది.

వస్తూ గరుకు కాగితం సంగతే మర్చిపోయింది. వీధి మలుపులో గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తింది. దుకాణం ముందు ఆగి చాలాసేపైనా గుండె కొట్టుకోవడం తగ్గలేదనిపించింది. ఇంతకు ముందు పరుగెత్తినప్పుడు కూడా ఇంతసేపు కొట్టుకునేదా? ఎప్పుడూ గమనించలేదు. ఇప్పుడు గమనించడం మొదలయ్యాక మానడం చేతకాలేదు. ఎన్నో నంబరు కావాలని దుకాణదారు రెండుసార్లు అడగవలసి వచ్చింది.

చీటీని నాన్నకి చూపించలేదు. చూపిస్తే ఆ నిమిషమే చొక్కా వేసుకుని బయలుదేరతాడని ఆమెకి తెలుసు. అందుకే చూపించలేదు. సంచిలో నీలం బిళ్ల పక్కన దోపి తాడు బిగించింది. జిగురు డబ్బా కింది కాగితానికి మళ్లీ కాళ్లు రాలేదు.

*

గురువారమంతా నాన్న దుంగ కోయగా వచ్చిన నాలుగు దిమ్మలనీ బాడిశతో చెక్కి, ఒక్కోదానికీ చుట్టూ ఎనిమిది ముఖాలు తెచ్చాడు. శుక్రవారం పొద్దున మొదటిదాన్ని తరిమెనకి ఎక్కించారు.

ఆ కొట్లో తరిమెనకి మోటారు లేదు. ఒకరు పెద్ద చక్రం తిప్పితే, తోలు పట్టా మీదుగా ఆ తిరుగుడు కొయ్యకి అందుతుంది. రెండోవాళ్లు ఉలి పడతారు. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసే పని. ఉలి ఎంత లోతుకి కొరుకుతోందో చక్రం పిడిలోనే పసిగట్టి, బరువు పడబోయే ముందే చెయ్యి బిగించాలి. మోటారు పెట్టించుకోమని చెప్పినవాళ్లందరికీ నాన్న ఒకటే జవాబు చెప్పేవాడు: మోటారుకి మొహమాటం ఉండదు. ఇదివరకు చక్రం పెదనాన్నది. మూడేళ్లుగా బొంగరానిది.

మొదటి రెండు కోళ్లూ మధ్యాహ్నానికి అయ్యాయి. ఉలి కింద నుంచి కొయ్య ఉల్లిపొరల్లా చుట్టలు చుట్టుకుని నాన్న పాదాల మీద పడుతోంది. బయటి గోధుమరంగు పోయి లోపలి ఎరుపు తేలింది. చేవంతా ఆ ఎరుపులోనే ఉంటుంది. నాలుగేళ్లు ఎదురుచూసిన రంగు. బొంగరం దాని వంక చూడనే లేదు. మామూలుగా ఆమె నాన్న ఊపిరి వింటూ తిప్పుతుంది. ఆ రోజు తన ఊపిరే వింటోంది. ముప్ఫై చుట్లు తిప్పితే ఎలా ఉంది, యాభై తిప్పితే ఎలా ఉంది. ఎడమ చేత్తో తిప్పితే నయమా.

మూడో కోడు మెడ దగ్గర, అన్నిటికంటే సన్నగా రావలసిన చోట, చక్రం తడబడింది. ఉలి ఎగిరి కొయ్య మీద వెంట్రుకంత గీత పెట్టింది. నాన్న ఉలి తీసేసి తిరిగి చూశాడు. కూతురు ఒక చెయ్యి పిడి మీద వదిలేసి, రెండో అరచెయ్యి గుండెల మీద ఆనించుకుని నిలబడి ఉంది.

అలిసిపోయావా అని అడిగాడు. లేదని తల ఊపి చెయ్యి దించేసింది. ఆయాసంగా ఉందా అన్నాడు. అదీ లేదంది. నాన్న, కొయ్యని కొట్టి చెవి ఒగ్గినప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో అలా పెట్టి ఆమె వైపు కాసేపు చూశాడు. గీత పడ్డ చోటును మరో నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు, లోతుకి దించి, మూడో కోడు ముగించి, నాలుగో దిమ్మ ఎక్కించాడు.

"జాగా మారుదాం రా. ఇది నువ్వు చెయ్యి, నేను తిప్పుతాను."

ఆ మాట ఆయన నోట ఎప్పుడొస్తుందా అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. అనుకున్నప్పుడల్లా పరుగున వెళ్లి ఉలి అందుకుంటున్నట్టే అనుకుంది. ఇప్పుడు కాళ్లు నెమ్మదిగా కదిలాయి. ఆమె వచ్చేలోపు నాన్న, చిన్న ఉలి కావాలి కదా నీకు అంటూ పనిముట్ల సంచి తాడు లాగాడు. నీలం బిళ్ల బల్ల మీద పడింది. దాని వెంటే చీటీ.

నాన్న నీలం బిళ్లను గుర్తుపట్టి ఏదో అనబోయాడు. చీటీ విప్పాక ఆ మాట మానేశాడు. చదివిందే మళ్లీ చదివాడు.

"నా పేరు సరే. కింద నీ పేరెందుకుంది?"

ఆమె లోపల రెండుసార్లు చెప్పుకోలేదు. రెండు సున్నాలు, వాటి కింద సున్నా, పెన్ను, పెన్సిలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నాన్న బల్ల అంచు పట్టుకుని విన్నాడు. ఆయన బొటనవేలు ఆ కింది వరుస మీదికి వెళ్లి, రాత చెరుగుతుందేమోనని మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఇది బుధవారం నాటి చీటీ. ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"వెళ్లొద్దు నాన్నా."

"మొన్నటిదాకా వెళ్లమన్నది నువ్వే కదా. చిత్రికలో కాగితాలు పెట్టి మరీ."

"తెలిశాక మళ్లీ తెలియనట్టు ఉండలేం కదా. ఇలాగే పని చేసుకుంటూ పోదాం. టైపింగు క్లాసుకి వెళ్తాను. దుంగలు కూడా వద్దు."

నాన్న నీలం బిళ్లను తీసి వేళ్ల మధ్య తిప్పాడు. బయట అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది, ఏదో కుర్చీ కాలు గురించి.

"మూడేళ్లుగా ఈ మాట నేనే అంటున్నాను" అన్నాడు చివరికి. "ఇంకొకరి నోట వింటే గానీ ఎంత వంకరగా ఉందో తెలియలేదు."

చీటీని మడిచి, పెన్సిలు పక్కనే చెవి మీద దోపుకున్నాడు. వెళ్లి చక్రం పిడి పట్టుకున్నాడు. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి, తరిమెన మీద కొయ్య ఉండగా ఏడవకూడదని, తడి తగిలితే కోడు ఉబ్బుతుందని, రొట్టెలాయన అసలే ఉబ్బి ఉన్నాడని చెప్పాడు. ఆమె ముక్కు ఎగబీల్చి ఉలి అందుకుంది.

చక్రం కదిలింది. మొదటి కాసేపు ఉలి ఆమె మాట వినలేదు. తర్వాత ఏదో తేడా తెలిసింది. ఆమె లోతుకి దించాలనుకునే లోపే చక్రం బరువు అందుకుంటోంది. తీయాలనుకునే లోపే తేలికవుతోంది. వెనక నుంచి నాన్న ఊపిరి ఒకే తీరుగా వినిపిస్తోంది. ఎరుపు తేలింది. మెడ, బొడ్డు, కింద గుండ్రటి పాదం. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఉలి తీసి పక్కన పెట్టినప్పుడు, చాలాసేపటి నుంచి తన గుండె సంగతి తాను మర్చిపోయానని గ్రహించింది.

నాన్న నాలుగు కోళ్లనూ పక్కపక్కన నిలబెట్టి కాలిపర్‌తో కొలిచాడు. నాలుగోది ఒక నూలు లావుంది. అది రొట్టెలాయన తలవైపు పెడదాంలే, ఆలోచనలు బరువైనవాడు అన్నాడు.

*

శనివారం పొద్దున నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోళ్లలో ఇరుక్కున్న లక్కను చిన్న పుల్లతో తీసుకున్నాడు. అమ్మకి ముందు రోజే అంతా చెప్పినట్టున్నాడు. ఆవిడ చొక్కా భుజం మీద లేని పొట్టు దులిపింది. బొంగరం తానూ వస్తానని లేచింది.

"నువ్వు రావద్దు. నీ పేరు పెన్సిల్‌తో ఉంది. ముందు పెన్నుతో ఉన్నవాణ్ని వెళ్లి రానీ" అన్నాడు.

కోళ్లకి గరుకు కాగితం పట్టమని పని చెప్పి వెళ్లాడు. ఆరోగ్య కేంద్రం ఎంత దూరమో ఆమెకి తెలుసు. వెళ్లడానికి పావుగంట, రావడానికి పావుగంట. లోపల ఒక గంట అనుకుంది. గంటన్నర అయింది. రెండు గంటలయింది. పట్టిన కోడుకే మళ్లీ పట్టింది. అమ్మ కుర్చీ చేతికి పాలిష్ పెట్టి, ఆరకముందే దాని మీద మళ్లీ పెట్టి, చెయ్యి జిగటగా అంటుకుంటే తిట్టుకుని, తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇద్దరూ గుమ్మం వైపు చూడకుండా గుమ్మాన్నే కనిపెట్టుకుని కూర్చున్నారు.

ముందుగా వచ్చింది మనిషి కాదు, వాసన. బొంగరం చేతిలో కాగితం ఆగింది. వాన వెలిసిన అడవి వాసన. ఆమె లేచి గుమ్మంలోకి వచ్చేసరికి వీధిలో లాగుడు బండి కిర్రుమంటూ వస్తోంది. బండివాడు ముందు లాగుతున్నాడు. ఒక పక్క నాన్న, ఒక పక్క పెద్దమ్మ. పెద్దమ్మ చెయ్యి దుంగ మీద ఉంది, నిద్రపోతున్న బిడ్డ దొర్లిపోకుండా పట్టుకున్నట్టు.

అమ్మ ముందు దుంగ సంగతి అడగలేదు. ఏమన్నారు అంది.

ఛాతీకి ఏదో చల్లటి జిగురు పూశారని, దానికంటే మన జిగురే నయమని నాన్న చెప్పాడు. తెర మీద గుండె కనిపించిందట. అరచేతి మీద కప్పలా గంతులేస్తోందట. మిషను నడిపే పిల్ల ఏమీ చెప్పకూడదట. పెద్ద డాక్టరు బొమ్మలు చూసి సోమవారం చెబుతాడట.

"సోమవారం దాకా ఆగి తెచ్చుకోకూడదా దుంగని?"

"ఆయన సోమవారం ఏం చెప్పినా, ఇది ఆరేది అంగుళానికి ఏడాదే కదా" అన్నాడు నాన్న. అన్నాక ఎవరి ముఖమూ చూడలేదు, బండి తాళ్లు విప్పడంలో పడ్డాడు.

నలుగురూ కలిసి దించారు. నాన్న ఎక్కువ బరువు తన వైపు తీసుకోబోతే పెద్దమ్మ మోచేత్తో నెట్టేసి ఆ కొస తాను పట్టుకుంది. ఆయన ఊరుకున్నాడు. దుంగ అటక ఎక్కే రకం కాదు. పంచ కింద, నేల తేమ తగలకుండా, గాలి ఆడేలా నాలుగు చెక్కముక్కలు వేసి వాటి మీద పడుకోబెట్టారు. బొంగరం జానతో మందం కొలిచి, నమ్మలేక మళ్లీ కొలిచింది. ఆరంగుళాలు.

"ఆరంగుళాలేమిటి? ఏనుగేమైనా మంచం చెప్పిందా?" అంది అమ్మ.

ఎవరూ చెప్పలేదని నాన్న ఒప్పుకున్నాడు. మిల్లులో నాలుగంగుళాలవి కూడా ఉన్నాయట. చూసి, ఇదే బాగుందనిపించిందట.

పెద్దమ్మ లోపలికి వెళ్లి బల్ల కింద ఎక్కడి నుంచో నీలం రంగు డబ్బా వెతికి తెచ్చింది. రంగు అడుక్కి ఎండి తోలు కట్టింది. దాన్ని పొడిచి, కాస్త నూనె పోసి కలిపితే రెండు కొసలకీ సరిపోయింది. బొంగరం పూస్తుంటే ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని, ఇక్కడ తగల్లేదు, ఇక్కడ తగల్లేదు అంటూ వేలు చూపించింది.

తేదీ వెయ్యాలి. బొంగరం నాన్న చెవి మీది పెన్సిలు కోసం చెయ్యి చాపింది. చీటీ ఇంకా దాని పక్కనే ఉంది, చెమటకి మెత్తబడి. నాన్న పెన్సిలు ఇవ్వలేదు.

"దీనికి పెన్సిలు పనికిరాదు. మొన్న చూశావుగా, నాలుగేళ్లకే చెరిగిపోయింది."

వెళ్లి ఆమె చిన్న ఉలీ సుత్తీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె దుంగ పక్కన కూర్చుని ఒక్కో అంకే చెక్కింది. పచ్చి కొయ్య మెత్తగా తెగుతోంది. ప్రతి గాటులోనూ సన్నగా నీరు ఊరుతోంది. రోజు, నెల, ఏడాది. చివరి అంకె ఈసారి ఒరగలేదు.

అయ్యాక సుత్తి తిప్పి పట్టుకుని, పిడితో దుంగ నడుమ ఒక్కసారి కొట్టింది. దప్పుమంది. నాన్న కూడా వంగి, ఆమె తల పక్కన తల పెట్టి విన్నాడు.

"ఇప్పుడేమీ చెప్పదు" అన్నాడు.

తెలుసని తల ఊపింది గానీ, చెవి తియ్యలేదు. నాన్న కూడా తియ్యలేదు.